చూపించాల్సిన మనిషి

పేరు మాత్రం చెప్పలేదు. నంద్యాలలో ఉంటాడు మేడం, పేరు తెలీదు, చూస్తే గుర్తుపడతాను, తీసుకుపోతే చూపిస్తాను అన్నాడు, అంతే. ఆ నాలుగు ముక్కలకే ఎస్సై అక్షయ టోపీ తీసుకుని లేచింది, డ్రైవరు జీపు తిప్పాడు, కానిస్టేబుల్ అజయ్ కుమార్ వెనక తలుపు తెరిచి ఎక్కమన్నాడు. ఇప్పుడు జీపు ఆళ్లగడ్డ వైపు పోతోంది, శ్యాంసుందర్ వెనక సీట్లో కూర్చుని మోకాళ్ల మీదున్న తన చేతుల్ని చూస్తున్నాడు. ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన చేతుల్లా ఉన్నాయి. చూపించాల్సిన మనిషి పేరు కృపావరం. నంద్యాలలో మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగ్ షాపులో పని చేస్తాడు. శ్యాంసుందర్‌కు తండ్రి. ఇవేవీ మేడానికి తెలియవు. గంట ప్రయాణం. ఆ గంటలో ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఇంకెవరినైనా చూపించాలి, లేదా గుర్తు రావడం లేదు మేడం అనాలి, లేదా ఆయన్నే చూపించాలి. ఏది తలుచుకున్నా ఒకే బరువుగా ఉంది. లోపల ఎక్కడో భయం ఉండాలి కదా అని వెతికాడు. పన్ను పీకే ముందు సూది వేశాక నాలుకతో చిగురును తడుముకున్నట్టుంది. చిగురు ఉన్నట్టు తెలుస్తోంది, అది తనదని తెలియడం లేదు.

పొద్దున ఫోన్ వచ్చినప్పుడు మాత్రం ఇలా లేదు. "శ్యాంసుందరేనా? స్టేషన్‌కి రా, బేగా" అని ఒక గొంతు అని పెట్టేసింది, అమ్మ వంటింట్లోంచే, వెరిఫికేషనే అప్పా, ప్రభువు విన్నాడు అంది, ఇస్త్రీ చొక్కా తనే తీసి ఇచ్చింది, నల్ల బూట్లు తుడిచింది. కానిస్టేబుల్‌గా సెలక్టయ్యాడు, మెడికల్ అయిపోయింది, ఇక మిగిలింది ఊళ్లో, స్టేషన్లో ఈ కుర్రాడు ఎలాంటివాడు అని విచారించుకునే పని ఒక్కటే. స్టేషన్లో రాతపని చూసే ప్రేమకుమారి కుర్చీ చూపించి, "ఉద్యోగమొచ్చినోడివి ఉత్త చేతుల్తో వచ్చినావే, స్వీట్లేవప్పా?" అని నవ్వింది. పాత కేసు సంగతి తనే ఎత్తింది. "పదారేండ్లప్పుటిది గదా. ఉన్నదున్నట్టు రాసినావు, మంచి పని చేసినావు. మైనరు కేసుకు ఉద్యోగం పోదు. దాసిపెట్టినోళ్లకే పోతాది." ఆ మాట ఇంకా చెవిలో ఉండగానే అజయ్ కుమార్ లోపల్నుంచి వచ్చి, "రేయ్, నువ్వు కుర్చీలో కూచున్యావేంది? నిన్ను పిల్సింది ఆడికి" అని వెనక వరండా చూపించాడు. అప్పుడు తెలిసింది, ఫోన్ చేసింది ప్రేమకుమారి కాదు, ఈయన. దొర్నిపాడు వైపు పొలాల్లో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి ఎవరో రాగి ఎత్తుకుపోయారు, రైతులు రోడ్డు మీద బైఠాయించారు, దొంగతనం జరిగితే ఇదివరకు అదే పనిలో దొరికినవాళ్లను తెచ్చి కూర్చోబెట్టడం అలవాటు. ఒకే స్టేషన్లో ముందు గదిలో ఒక శ్యాంసుందర్, వెనక వరండాలో ఒక శ్యాంసుందర్. ఇద్దరూ ఒక్కడేనని ఎవరికీ తట్టలేదు. బూట్లు విప్పాడు, నేల మీద కూర్చున్నాడు. పక్కన స్టీఫెన్ ఉన్నాడు, ఒకే పేటవాడు, మొన్నటినుంచీ అక్కడే ఉన్నాడట. తలెత్తి చూసి, "ఏందీ, ఇన్‌షర్టు చేస్కోని వచ్చినావ్? ఎవుని పెండ్లిరా?" అన్నాడు. బేతంచెర్లలో బండల లోడు ఎత్తుకోవాల్సిన లారీ అట్లే నిలబడి ఉంది, ఓనరు ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటానంటున్నాడు, ఇంట్లో పిల్లకు జ్వరం. ఇవన్నీ స్టీఫెన్ చెప్పాడు, ఎవరి గురించో చెప్పినట్టు. అబ్జర్వేషన్ హోమ్‌లో కూడా ఇట్లాగే చెప్పేవాడు. చిన్నప్పుడు బండి దొంగతనంలో వాడు, రాగి కేసులో తను, ఒకే గదిలో పక్కపక్క చాపలు.

ఆళ్లగడ్డ వచ్చింది. రోడ్డు పక్క శిల్పుల షెడ్లలో గ్రైండర్లు మోగుతున్నాయి, తెల్లటి రాతిపొడి గాల్లో లేచి జీపు అద్దం మీద పడుతోంది, ఒక దేవుడికి మొహం అయింది, చేతులు ఇంకా బండలోనే ఉన్నాయి. ఆ చేతుల్ని చూస్తే పొద్దున మేడం ఫోన్లో చూపించిన ఫోటో గుర్తొచ్చింది. ప్రేమకుమారి మెల్లగా వెళ్లి మేడం చెవిన వేసింది, ఆ కూచున్న పిల్లోడు మన సెలక్టెడ్ క్యాండిడేటు అని, మేడం అజయ్ కుమార్‌ని ఒక చూపు చూసి శ్యాంసుందర్‌ని గదిలోకి పిలిచింది. ఈమె ఈ జిల్లాది కాదు, మాట మెత్తగా, పుస్తకంలోలా ఉంటుంది, ఈ స్టేషన్‌కు వచ్చి ఎన్నాళ్లో కాలేదు. "నువ్వు ఇదివరకు చేసిన పనే కదా, సిగ్గుపడకుండా చెప్పు, ఇది ఎవరు చేసుంటారు?" అని ఫోన్ ఇచ్చింది. తెరలో ఎండిన మట్టి, నూనె మరక, పక్కకు దించిన మూత, ట్రాన్స్‌ఫార్మర్ ఖాళీ డొక్కు. మూత చుట్టూ బోల్టులు. ప్రతి బోల్టుకూ దాని నట్టు తిరిగి తొడిగి ఉంది, సగం దాకా, వేలితో తిప్పినంత.

ఒక క్షణం అది తన చేతులు చేసిన పనే అనుకున్నాడు. దొంగతనం జరిగిన రోజు తను కర్నూల్లో మెడికల్ టెస్టులో డాక్టరు ముందు చొక్కా విప్పి నిలబడి ఉన్నాడు, అయినా అనుకున్నాడు. దొంగలెవరూ నట్లు తిరిగి పెట్టరు. సుత్తితో కొడతారు, మూత విసిరేస్తారు, నట్లు మట్టిలో పోతాయి. నట్టు విప్పిన వెంటనే దాని బోల్టుకే తొడిగేది నాయన ఒక్కడే. లైన్‌మన్ వెనకాల హెల్పరుగా తిరిగిన రోజుల అలవాటు, ఒక నట్టు పారేసుకుంటే లైన్‌మన్ పదిమంది ముందర తిట్టేవాడు, అప్పటినుంచీ అంతే. ఇంట్లో ఫ్యాను విప్పినా అంతే. "కింద పెడితే మట్టి తింటాదిరా. దాని ఇంట్లో దాన్ని పెట్టాల" అని చిన్న శ్యాంసుందర్ వేలు పట్టుకుని నట్టు తిప్పించేవాడు, ఎడమ నుంచి కుడికి, మెల్లగా, మర పట్టే దాకా. మర పట్టినప్పుడు వేలికి తెలిసేది. ఈ ఉద్యోగం రానీ, ట్రైనింగుకు నిన్ను ఉత్త చేతుల్తో పంపనులే అని మొన్న ఆదివారం చర్చి బయట అన్నాడు. ఎట్లా పంపుతావు నాయనా అని అడగలేదు. అడిగి ఉండాల్సింది. అడిగినా ఏం చెప్పేవాడు, ఈ మధ్య షాపులో పని బాగుందనేవాడు. రాగి పని చేసే షాపులో రాగి ఎక్కడిదని ఎవరడుగుతారు.

"మావాళ్లు స్టీఫెన్ అంటున్నారు" అంది మేడం. "వాడేనా?"

"కాదు మేడం."

"ఎట్లా చెప్తావు?"

ఎట్లా చెప్తాడు. నట్ల సంగతి చెప్తే తండ్రి పేరు చెప్పినట్టే. చెప్పకపోతే సాయంత్రం స్టీఫెన్ రిమాండుకు పోతాడు. మేడం గొంతులో బెదిరింపు లేదు, అలసట ఉంది. "చూడు శ్యాంసుందర్. వాడే అయితే వాడేనని చెప్పు, నాకు ఈ గొడవ తీరుతుంది. కాకపోతే ఎవరో చెప్పు. నీ వెరిఫికేషన్ నా టేబుల్ మీదే ఉంది, నేనింకా తెరవలేదు. సాయంత్రం తెరుస్తాను. సహకరించాడని రాస్తాను, నాకేం అభ్యంతరం లేదు." స్టీఫెనే మేడం అంటే అయిపోయేది. అనడానికి నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోట్లోంచి నంద్యాలలో ఉంటాడు అనే మాట వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు. స్టీఫెన్ మీద ప్రేమ అనుకోవడానికి లేదు, ఆ వేళ స్టీఫెన్ మొహం గుర్తే లేదు. వాడి అరికాళ్లు గుర్తున్నాయి, వరండా గచ్చు మీద దుమ్ముపట్టిన అరికాళ్లు, బొటనవేలికి చుట్టిన గుడ్డపేలిక. అంతే.

హైవే ఎక్కాక జీపు చప్పుడు మారింది. కుడివైపు దూరంగా నల్లమల నీలంగా, ఎంత పోయినా పక్కనే వస్తోంది. వరి, మిరప, మళ్లీ వరి, మధ్య మధ్య పొలంలో రెండు స్తంభాల మీద ట్రాన్స్‌ఫార్మర్లు. వాటిని లెక్కపెట్టకుండా ఉండలేడు, లెక్క మొదలుపెట్టి తప్పిపోతాడు, మళ్లీ మొదలుపెడతాడు. పదహారేళ్లప్పటి ఆ మే నెల మధ్యాహ్నం కూడా పొలంలో మనిషి లేడు. మూడు గంటల దాకా పొలాలకు కరెంటు రాదు, ఎండకు కుక్క కూడా బయటికి రాదు, నాయన ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద, తను కింద నట్లు అందుకుంటూ. రాగి చుట్ట కిందకి దింపారు. అప్పుడు మోటారు సైకిల్ చప్పుడైంది. నాయన కిందికి దూకి ఆ చప్పుడు వచ్చే వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు. "నువ్వు మైనరువి. నీకేం గాదు" అన్నాడు. కోసిన జొన్న మోళ్ల మీద నడుచుకుంటూ పోయాడు. పరిగెత్తలేదు, అది బాగా గుర్తు, పనైపోయి ఇంటికి పోయే మనిషిలా పోయాడు. నాయన పోయినందుకు కోపం రావాలని చాలాసార్లు ప్రయత్నం చేశాడు. రాలేదు. ఊళ్లో ఎవరింట్లో గొడవైనా పెద్దోళ్లు అదే అంటారు, పిల్లోని పేరు పెట్టండి, వానికేం గాదు అని. నాయన కొత్తగా అన్న మాటేం కాదు. ఊరందరికీ తెలిసిన లెక్కే ఆయనా వేశాడు.

మోటారు సైకిల్ మీద వచ్చింది రైతు రామయ్య. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద తడిసే పొలాల్లో ఆయనదే పెద్ద కయ్య. కొడతాడనుకున్నాడు. ఆయన కొట్టలేదు, బండి స్టాండు వేసి, చుట్ట చూసి, దిమ్మె నీడలో కూర్చుని, పోలీసులొచ్చే దాకా పక్కనే ఉన్నాడు. ఒక్కసారే అడిగాడు. "ఇంత బరువు ఒగనివే ఎట్ల దించినావురా?" "ఒగణ్నే" అన్నాడు. రామయ్య తల ఊపాడు, నమ్మినట్టు కాదు, అర్థమైనట్టు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేసరికి ఆయన చేను నీళ్లు లేక తెల్లబడిపోయింది. తర్వాత స్టేషన్లో అడిగారు, కర్నూల్లో జువెనైల్ బోర్డు ముందు అడిగారు, నీతో ఎవరున్నారని, మెత్తగా అడిగారు, గట్టిగా అడిగారు. ఒగణ్నే, ఒగణ్నే. అంటూ అంటూ ఉంటే నిజంగానే ఒకడే ఉన్నట్టు అయిపోయింది, ఆ మధ్యాహ్నం గుర్తొచ్చినప్పుడు దిమ్మె మీద మనిషి ఉండడు, నట్లు గాల్లోంచి వచ్చి చేతిలో పడతాయి. హోమ్ నుంచి వచ్చాక ఊళ్లో నడిస్తే జనం మాట ఆపి చూసేవాళ్లు. అందుకని పరిగెత్తడం మొదలుపెట్టాడు. పరిగెత్తితే వాళ్లు ఆ మాట పూర్తిచేసేలోగా దాటిపోవచ్చు. పరిగెత్తడం బాగా వచ్చేసింది. ఇంత బాగా పరిగెత్తేవాడు పోలీసుకెందుకు పోడు అని డ్రిల్లు మాస్టారన్నాడు, సరే అన్నాడు, అంతకు మించి కారణం లేదు. ఉందేమో. ఖాకీ వేసుకున్నవాణ్ని నీతో ఎవరున్నారని ఎవరూ అడగరు.

శిరివెళ్ల మెట్ట దగ్గర డ్రైవరు టీ కోసం ఆపాడు. అజయ్ కుమార్ గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు, పొద్దున రేయ్ అన్నవాడు ఇప్పుడు తమ్ముడూ అంటున్నాడు. "పొద్దున కింద కూచోబెట్టినానని మనసులో పెట్టుకోవద్దప్పా. నాకేం తెల్సు, నీ పేరు నా తావ ఒగ రకంగా ఉంది, ఆయక్క తావ ఇంగొగ రకంగా ఉంది. రేపు ట్రైనింగయి నాకంటే పెద్ద స్టేషన్‌కు పోతావు, అప్పుడు నన్ను కూచోబెడుదువులే."

డ్రైవరు నవ్వాడు. "నిన్ను కూచోబెడితే లేపేదెవురన్నా, క్రేను రావాల."

"నోరు మూస్కోని టీ తాగప్పా."

శ్యాంసుందర్ కూడా నవ్వాడు. పెదాలు కదిలాయి కాబట్టి నవ్వే అయుంటుంది. టీ వేడిగా ఉందో లేదో తెలియలేదు, తాగేశాక అంగిట్లో పొక్కింది. బేతంచెర్ల బండలు వేసుకున్న లారీ ఒకటి మెట్ట ఎక్కలేక మూలుగుతూ పోతోంది, స్టీఫెన్ లారీ కాదు, అయినా నంబరు చూశాడు. మేడం జీపు దిగలేదు, అద్దం దించి, "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అంది. ఊరికే అడిగింది, టీ చల్లారే లోపల అడిగే మాట.

"కరెంటు పని మేడం."

"లైన్‌మనా?"

"హెల్పరు. ఇప్పుడు మానేసినాడు."

"ఇప్పుడెక్కడ?"

"యాడ పని దొరికితే ఆడ, మేడం."

ఆమె తల ఊపి గ్లాసు ఇచ్చేసింది. చెప్పేయొచ్చు. ఇక్కడే, టీ బంకు ముందు, ఈ ఎండలో, రెండు ముక్కలు. నోరు తెరిస్తే ఏం వస్తుందో ఇప్పుడు తనకే తెలియదు, అందుకని మూసుకున్నాడు. జీపు కదిలింది. అజయ్ కుమార్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో రీల్స్ చూసుకుంటున్నాడు, ఒక్కడే నవ్వుకుంటున్నాడు. అప్పుడు జేబులో ఫోన్ వణికింది. అమ్మ.

"ఏమైందప్పా? మేడం మంచిగ మాట్లాడిందా?"

"ఆఁ."

"యాడుండావు? గాలి సప్పుడొస్తాంది."

"జీపులో. నంద్యాలకు పోతాండాం."

"జీపులోనా? పోలీసోళ్ల జీపులోనా?" అమ్మ గొంతు ఇంట్లోంచి వీధిలోకి నడిచినట్టు పెద్దదైంది, ఎవరో పక్కన ఉన్నారు, వాళ్లకు వినపడాలి. "మేడమే తీస్కపోతాందా? అయితే మీ నాయన షాపు ఆడే గదా. ఫోన్ చేసి చెప్తా ఉండు. బయటికొచ్చి నిలబడి మేడానికి దండం పెట్టనీ. ఒగ కూల్‌డ్రింకన్నా ఇప్పించనీ, ఉత్తగ పోనిస్తే ఏం బాగుంటాది?"

"వద్దుమా."

"ఎందుకొద్దు? కొడుకు జీపులో వస్తాంటే చూడొద్దా ఆయప్ప?"

"వద్దంటి గదా. నేనే పోతా."

"గొంతేంది అట్లుంది?"

"గాలి" అని పెట్టేశాడు.

అమ్మ వద్దంటే ఆగే మనిషి కాదు. ఈపాటికి నొక్కుతూ ఉంటుంది ఆ నంబరు. జీపులో వస్తాన్నాడంట, ఎస్సై మేడంతో వస్తాన్నాడంట. నాయనకు ఆ ఒక్క మాట చాలు. గోనెసంచి భుజాన వేసుకుని వెనక సందులోంచి బస్టాండుకు, బండి ఆత్మకూరో ఇంకో ఊరో బోర్డున్న బస్సెక్కితే సాయంత్రానికి ఎక్కడో ఎవరింటి అరుగు మీదో ఉంటాడు, అలవాటైన పనే. తను షాపు ముందు దిగి, ఈడే ఉండేవాడు మేడం, పోయినట్టుండాడు అంటే సరిపోతుంది. అది అబద్ధం కూడా కాదు. స్టీఫెన్? స్టీఫెన్ ఇంకో రాత్రి అక్కడే ఉంటాడు, రేపు పేరు రాసేస్తారు. తను వద్దన్నది అమ్మ ఫోన్ చెయ్యకూడదనా, చేస్తుందని తెలిసి వద్దన్నాడా, తేల్చుకోవాలని చూశాడు. తేలలేదు. ఫోన్ తెర నల్లగా ఉంది, అందులో తన గడ్డం కనబడుతోంది, పొద్దున గీసుకున్నప్పుడు తెగిన చోట ఎర్రగా చిన్న గీత. అమ్మ చూసి పసుపు పెడతానంది. స్టేషన్‌కు పసుపు పెట్టుకోని పోతారామా అన్నాడు. ఆ మాట పొద్దుటిదే, చాలా పాతదిగా ఉంది.

అయ్యలూరు మెట్ట దాటారు. ఊరు మొదలైంది, నూనెపల్లె, విత్తనాల దుకాణాల బోర్డులు, పత్తికాయలు పళ్లికిలించుకున్న బొమ్మలు, ట్రాక్టర్ల షోరూం, జనం. మేడం వెనక్కి తిరిగి, "ఇక నువ్వే చెప్పాలి" అంది. నేరుగా మేడం. ఎడమకు. ఇంకా ముందుకు. గొంతు దానంతట అది చెప్తోంది, ఆటోకు దారి చెప్పినట్టు. మూలమీద పాత సామాన్ల దుకాణం వచ్చింది. ఆ దుకాణం వాణ్ని చిన్నప్పుడు చూశాడు, లావుగా, తెల్ల బనీను, తక్కెడ పక్కన కూర్చుని పళ్లు కుట్టుకుంటున్నాడు ఇప్పుడు కూడా. వీడే మేడం అనొచ్చు. దొంగరాగి కొని ఉండకపోడు, వెతికితే ఏదో దొరకకపోదు, వాడికి లాయర్లుంటారు, వాడికేం గాదు. వాడికేం గాదు. ఆ మాట నాయన గొంతులో వినపడింది, తన గొంతులో కాదు. జీపు దుకాణం ముందు నెమ్మదించింది, ముందర ఎద్దుల బండి అడ్డం, తనేదో అంటాడేమోనని మేడం తల కొంచెం తిప్పి ఉంది. బండి పక్కకు జరిగింది. తెల్ల బనీను వెనక్కి పోయింది. "కుడికి" అన్నాడు.

వైండింగ్ షాపు మధ్యాహ్నం వేళ ఎప్పుడూ చప్పుడుగా ఉంటుంది. ఇవాళ లేదు. ఓనరు కనబడలేదు. గుమ్మంలో స్టూలు వేసుకుని నాయన కూర్చుని ఉన్నాడు, చర్చికి వేసుకునే చొక్కా, మెడ దాకా గుండీలు, తల నీళ్లు పెట్టి దువ్వుకున్నాడు. చేతులు తోముకున్నాడు, గోళ్లలో వార్నిష్ అట్లే ఉంది. పక్కన బల్ల మీద కూల్‌డ్రింక్ పెద్ద సీసా చెమటపట్టి ఉంది, కడిగిన స్టీలు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. అమ్మ చెప్పింది. చెప్పి చాలాసేపైంది, సీసా కింద నీళ్లు బల్ల అంచుదాకా పారాయి. పోయేవాడైతే ఈపాటికి బస్సులో ఉండేవాడు. నాయన జీపును చూసి లేచాడు, మొహం నిండా నవ్వుతో చేతులు జోడించబోయాడు, మేడం దిగింది, అజయ్ కుమార్ దిగి పక్క సందు వైపు అడ్డంగా నిలబడ్డాడు, ఆఖరున శ్యాంసుందర్ దిగాడు. నాయన కొడుకు మొహం చూశాడు. జోడించబోయిన చేతులు అక్కడే ఆగి, మెల్లగా కిందికి దిగాయి.

"ఇతనేనా?" అంది మేడం.

"ఆఁ మేడం."

"పేరేంటి?"

"కృపావరం."

"ఈ అబ్బాయి తెలుసా నీకు?"

నాయన శ్యాంసుందర్‌ని తల నుంచి బూట్ల దాకా చూశాడు, మోటారు ఎప్పుడిస్తావని వచ్చిన గిరాకీని చూసినట్టు. "తెల్దు మేడం. ఎవురో పిల్లోడు." అక్కడితో ఆగలేదు. అడుగు ముందుకేసి, పక్క షాపులవాళ్లకు కూడా వినపడేట్టు అరిచాడు. "ఏం పిల్లోడా, నన్నేంటికి చూపిస్తాండావు? నీకూ నాకూ ఏం సంబంధం? నేనెవురో నువ్వెవురో!"

ఎంత బాగా అరిచాడో. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి, నిజంగా కోపం వచ్చినవాడు కూడా అంత బాగా అరవడు. కానీ సాయంత్రం మేడం తన గదిలో వెరిఫికేషన్ కాగితాలు తెరుస్తుంది, తండ్రి పేరు దగ్గర చూస్తుంది, కృపావరం అని ఉంటుంది, ఈ అబద్ధానికి సాయంత్రం దాకానే ఆయుష్షు, నాయనకు ఆ సంగతి తెలియదు. కాగితాల్లో ఏముంటుందో ఆయనకెప్పుడూ తెలియదు. తనకు తెలుసు. తెలిసి ఊరుకోవచ్చు, సాయంత్రం దాకా ఉద్యోగం ఉన్నట్టే ఉంటుంది. చెవుల్లో ఏ చప్పుడూ లేదు. ఎవరో హాజరు పిలిచారు, తను పలకాలి, అలా అనిపించింది అంతే.

"మా నాయన, మేడం" అన్నాడు.

అజయ్ కుమార్ ఆఁ? అన్నాడు. మేడం శ్యాంసుందర్‌ని చూసింది, నాయనను చూసింది, బల్ల మీద సీసాను, బోర్లించిన గ్లాసులను చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్ తీసి, ప్రేమకుమారీ, ఆ స్టీఫెన్‌ని ఇంటికి పంపించెయ్యి, బస్సుకు డబ్బులేమన్నా ఉన్నాయా కనుక్కో అంది. అజయ్ కుమార్ లోపలికి పోయి వస్తువులు జరుపుతున్న చప్పుడు, వెంటనే కేక. "మేడం, గోనెసంచులుండాయ్. రాగే!" మేడం గడప మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. పేరు పెట్టి పిలవలేదు. "నువ్వు ఇతన్ని పట్టుకో" అంది. అంటూ అక్కడే నిలబడింది, ఒక కన్ను లోపల, ఒక కన్ను బయట.

ఎలా పట్టుకోవాలో తెలియలేదు. చెయ్యి చాపాడు, నాయన మణికట్టు చుట్టూ వేళ్లు పెట్టాడు. సన్నగా ఉంది, తను అనుకున్నంత లేదు, ఎముక మీద చర్మం జారుతోంది. వార్నిష్ వాసన, దాని కింద సబ్బు వాసన. వేళ్లు ఆనాయి కానీ బిగియలేదు, ఏదో పెళుసు వస్తువును ఒక చోటునుంచి ఇంకో చోటుకు మార్చేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నాయన తల తిప్పలేదు. రోడ్డు వైపే చూస్తూ, పెదాలు పెద్దగా కదపకుండా అన్నాడు.

"ఏందిరా అట్ల పట్టుకున్యావ్? గట్టిగా పట్టుకో. మేడం చూస్తాంది."